ఇంట్లో 72బీ విజన్ మోడల్ నడపడానికి రెండో 3090 కొనాలా? తాతగారి కాగితాలు చదివించాలి

కరణంగారి_మనవడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా తాతగారు తెనాలి దగ్గర ఒక ఊరికి కరణం. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా చేశారు. ఆయన పోయాక ట్రంకు పెట్టె అటక మీదే ఉండిపోయింది. మొన్న ఇల్లు పడగొట్టేటప్పుడు దింపి చూస్తే నాలుగు వందలకు పైగా కాగితాలు ఉన్నాయి, దస్తావేజులు, పంపకాల కాగితాలు, శిస్తు లెక్కలు, ప్రామిసరీ నోట్లు, ఆయన కంటే ముందు తరం వాళ్లవి కూడా. ముప్పాతిక వంతు చేతిరాతే. ఇవన్నీ ఫోటోలు తీసి, బొమ్మ చూసి చదివే ఏఐ మోడల్‌తో చదివించి, టైపు అయిన రూపంలో ఒక చోట పెట్టుకోవాలని నా ప్లాన్. క్లౌడ్‌లో పెట్టేస్తే అయిపోతుంది కదా అని దయచేసి చెప్పకండి. అందులో సగం పొలాల మీద మా పెదనాన్న వాళ్లకీ మాకూ ఇంకా తెగలేదు, ఆ కాగితాలు నా ఇల్లు దాటవు, అంతే.

ఉన్నది చెప్తా: రైజెన్ 5, 64 జీబీ డీడీఆర్4 ర్యామ్, సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు ఒకటి (24 జీబీ), 850 వాట్ల పవర్ సప్లై. క్వెన్ 2.5 వీఎల్ అనే మోడల్‌లో 72బీది (72 బిలియన్ పారామీటర్లది), నాలుగు బిట్లకు కుదించిన ఫైలు దింపి, ఇంట్లోనే మోడళ్లు నడిపే లామా సీపీపీలో సగం కార్డు మీద, సగం ర్యామ్‌లో పెట్టి నడిపా. నడిచింది, అబద్ధం చెప్పను, కానీ సెకనుకు ఒకటిన్నర టోకెన్ (టోకెన్ అంటే మోడల్ చదివే, రాసే మాట ముక్క). పేజీకి అరగంట పైనే పట్టింది. ఇంకో టూల్‌లో ఫోన్ ఫోటో అలాగే ఇస్తే మెమరీ చాలక ఆగిపోయింది. చదివింది మాత్రం, పైన స్టాంపు మీద అచ్చు అక్షరాలు బాగా చదివింది, కింద చేతిరాత మాత్రం సగం సగం.

ఇప్పుడు ఇంకో 3090 దొరుకుతోంది, క్రిప్టో మైనింగ్‌లో వాడిన కార్డు, బేరం బాగానే ఉంది. రెండూ కలిపితే 48 జీబీ, 72బీ ఫైలు 47 జీబీ, సరిపోతుంది కదా. కొనేయమంటారా?

---

రెండుకార్డులోడు:

అన్నా, నువ్వు వేసిన లెక్కే రెండేళ్ల కిందట నేనూ వేసి కొన్నా, అందుకే చెప్తున్నా. 48లో 47 పట్టదు.

ఫైలు అంటే మోడల్ బరువులు (వెయిట్స్, అది నేర్చుకున్న అంకెలు) మాత్రమే. దానికి తోడు బొమ్మను చూసే భాగం వేరే ఫైలుగా వస్తుంది, ఎమ్‌ఎమ్‌ప్రోజ్ అని, అది ఇంకో 1.4 జీబీ దాకా. ఆ పైన కేవీ క్యాష్, అంటే అప్పటిదాకా చదివిన టోకెన్లను గుర్తుంచుకునే చోటు. 72బీలో 80 లేయర్లు (పొరలు), ఒక్కో దాంట్లో 8 కేవీ హెడ్లు, హెడ్‌కి 128 చొప్పున, కీ ఒకటి, వ్యాల్యూ ఒకటి, 16 బిట్లలో పెడితే టోకెన్‌కి 320 కేబీ తేలుతుంది. 8 వేల టోకెన్ల కాంటెక్స్ట్ (ఒక్కసారికి పట్టే నిడివి) పెట్టుకుంటే రెండున్నర జీబీ అక్కడే పోయింది. ఇక కార్డుకో జీబీ అటూ ఇటూ లెక్కల కోసం పక్కన పెట్టుకుంటుంది. మొత్తం వేస్తే 52 దాటుతుంది. నేను కొన్న రోజు రాత్రి రెండింటిదాకా కూర్చుని, చివరికి మూడు లేయర్లు మళ్లీ ర్యామ్‌లోకే తోశా, అప్పుడు మా ఆవిడ లేచి వచ్చి "అంత డబ్బు పోసి కొన్నది మళ్లీ పాతదాన్ని వాడటానికా" అంది, జవాబు లేదు నా దగ్గర.

బరువులను తక్కువ బిట్లకు కుదించడాన్ని క్వాంటైజేషన్ అంటారు, అందులో ఇంకాస్త చిన్నది ఉంటుంది, ఐక్యూ4 ఎక్స్‌ఎస్ అని, 72బీకి 40 జీబీ లోపు. దాంతో మాత్రం రెండు కార్డుల్లో హాయిగా కూర్చుంటుంది, నాకు సెకనుకు 15 దాకా వస్తుంది. నీకు ఇప్పుడు ఎందుకంత నెమ్మది అంటే, ప్రతి టోకెన్‌కీ బరువులన్నీ ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చదవాలి. 3090 మెమరీ సెకనుకు 936 జీబీ చదువుతుంది, నీ డీడీఆర్4 రెండు ఛానెళ్లు కలిపి 51. పాతిక జీబీ ర్యామ్‌లో ఉంటే ఒక్క టోకెన్‌కి అర సెకను అక్కడే పోతుంది, కార్డు ఎంత మంచిదైనా కాళ్లు చాపుకుని కూర్చోవడమే. రెండు కార్డుల్ని కలిపే ఎన్‌వీలింక్ బ్రిడ్జ్ కోసం వెతకొద్దు, లేయర్లు చెరిసగం పెట్టుకుంటే కార్డుల మధ్య తిరిగే డేటా చాలా తక్కువ.

ఇంకోటి, మదర్‌బోర్డు చూసుకున్నావా? మామూలు బోర్డుల్లో రెండో పెద్ద స్లాట్ చూడ్డానికే పెద్దది, లోపల డేటా పోయే దారులు (లేన్లు) నాలుగే. అదైనా పర్లేదు, కానీ 3090 మూడు స్లాట్ల లావు. నాది కేబినెట్ మూత పట్టక ఏడాదిగా తెరిచే ఉంది, పిల్లి పడుకుంటోంది పక్కన వెచ్చగా.

---

బెజవాడ_ఎండ:

850 వాట్ల మీద రెండు 3090లా స్వామీ. ఒక్కోటి 350, పైగా ఆ కార్డు ఉన్నట్టుండి లాగే లాగుడికి సప్లై టప్పున ఆగిపోతుంది. నాకు అయింది. రెండిటికీ పవర్ లిమిట్ 250కి దించు, ముందు ఆ పని చెయ్. జవాబు వచ్చే వేగం పెద్దగా తగ్గదు, ఎందుకంటే పైన అన్న చెప్పినట్టు అక్కడ ఆగేది మెమరీ దగ్గర, లెక్క దగ్గర కాదు.

మైనింగ్ కార్డు అంటున్నావు కాబట్టి ఒక మాట. 3090లో మెమరీ చిప్పులు సగం బోర్డు వెనక వైపు ఉంటాయి, ఫ్యాన్ గాలి అటు పోదు. ఏళ్ల తరబడి మైనింగ్ చేస్తే వేడిని బయటికి లాగే థర్మల్ ప్యాడ్లు వడియంలా ఎండిపోతాయి. నేను సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక షాపులో తీసుకున్నా (పేరు వద్దులే), గేమ్ పెట్టి చూపించాడు, బ్రహ్మాండం అనుకున్నా. ఇంటికొచ్చి మోడల్ ఎక్కించిన పది నిమిషాలకు మెమరీ వేడి 110 డిగ్రీలకు కొట్టి వేగం సగానికి పడిపోయింది. కొనేముందు విండోస్‌లో వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి, మెమరీ జంక్షన్ అనే లైను అరగంటపాటు చూడు. మామూలుగా కనిపించే జీపీయూ ఉష్ణోగ్రత 65 ఉన్నా ఇది వంద దాటి ఉండొచ్చు. షాపువాడు అరగంట ఆగనివ్వకపోతే అక్కడే తెలిసిపోయింది కదా.

---

పిక్సెల్_లెక్క:

మీరంతా కార్డు కొనాలా వద్దా అని మాట్లాడుతున్నారు గానీ నాకు అసలు తేడా ఫోటో దగ్గర కనిపిస్తోంది. మనవడు గారూ, మీరు ఫోన్ ఫోటో ఎంత సైజుది ఇచ్చారు? 12 మెగాపిక్సెల్ అయితే 4000 బై 3000. క్వెన్ 2.5 వీఎల్ బొమ్మను 28 బై 28 పిక్సెళ్ల గళ్లుగా కోసి గడికో టోకెన్ చేస్తుంది. అంటే అడ్డంగా 143, నిలువుగా 107, మొత్తం 15 వేల పైచిలుకు టోకెన్లు. టోకెన్‌కి 320 కేబీ చొప్పున ఒక్క ఫోటోకే 4.7 జీబీ. మీకు ఒక టూల్‌లో ఆగిపోయింది అందుకే. మరి లామా సీపీపీలో ఎందుకు నడిచిందంటే, చాలా టూల్స్ మీకు చెప్పాపెట్టకుండా బొమ్మను చిన్నది చేసి మోడల్‌కి ఇస్తాయి. నడుస్తుంది, కానీ వత్తులు పోతాయి. మన లిపిలో కింద వేలాడే వత్తు ఆరేడు పిక్సెళ్లు కూడా లేకపోతే దేవుడు కూడా చదవలేడు, 72బీ ఎంత.

గూగుల్ వాళ్ల జెమ్మా 3 ఇంకో రకం. ఏ బొమ్మ ఇచ్చినా 896 బై 896 చతురస్రంలోకి సర్ది 256 టోకెన్లు చేస్తుంది. మెమరీకి చాలా పొదుపు, పిల్లి ఫోటో అయితే సరిపోతుంది, ఫుల్‌స్కేప్ దస్తావేజు ఇస్తే వరసలకు వరసలు ఎగరగొడుతుంది. దాన్ని ముక్కలుగా చూపించే పద్ధతి ఉంది గానీ అన్ని టూల్స్‌లో ఉండదు. మోడళ్లు నడిపే ఇంకో టూల్ ఓలామా వాడితే ఇంకొకటి చూసుకోండి, నా దాంట్లో కాంటెక్స్ట్ తనంతట తానే 4096 పెట్టుకుని ఉంది, పెద్ద బొమ్మ ఇస్తే ప్రశ్న కూడా మిగల్లేదు, ఏదేదో మాట్లాడింది. నేను మోడల్‌ని తిట్టుకున్నా వారంపాటు.

నేను చేసేది చెప్తా. పేజీని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద తీసి, నాలుగైదు వరసల పట్టీలుగా కోస్తా, ఒక వరస రెండు పట్టీల్లోనూ వచ్చేలా. 1792 బై 448 పట్టీ అంటే 64 ఇంటూ 16, సరిగ్గా 1024 టోకెన్లు. ఈ పట్టీలకు 72బీ అక్కర్లేదు. క్వెన్ 2.5 వీఎల్ 7బీ అసలు క్వాంటైజ్ చేయకుండా 17 జీబీ లోపు, మీ ఒక్క కార్డులో పడుతుంది. 32బీ కావాలంటే నాలుగు బిట్లలో 20 జీబీ, ఇరుగ్గా పడుతుంది, కేవీని 8 బిట్లకు దించుకోవాలి. ఇంకా కొత్తది కావాలంటే క్వెన్3 వీఎల్ 30బీ ఏ3బీ: మొత్తం 30 బిలియన్లు ఉన్నా టోకెన్‌కి 3 బిలియన్లే పని చేస్తాయి, నాలుగు బిట్లలో ఒక్క 3090లో కూర్చుని వేగంగా పరిగెడుతుంది, కొంత ర్యామ్‌లోకి పోయినా మీ 72బీ లాగా ఏడిపించదు. దీని గడి 28 కాదు, 32, పట్టీల కొలత అందుకు తగ్గట్టు మార్చుకోండి. మోడల్ బరువులు నాలుగు బిట్లకు దించినా ఎమ్‌ఎమ్‌ప్రోజ్ మాత్రం 16 బిట్లలోనే ఉంచండి, ఆదా అయ్యేది అర జీబీ, పోయేది కళ్లు.

ముందు పది పట్టీలు ఇలా చేసి చూడండి. కార్డు ఎక్కడికీ పోదు.

---

కరణంగారి_మనవడు:

పిక్సెల్ గారూ, మీకు పూర్ణకుంభంతో స్వాగతం పలకాలి. ఫోటో 12 మెగాపిక్సెలే. రెండు రోజులు కూర్చుని పన్నెండు పేజీలు పట్టీలుగా కోసి 7బీకి ఇచ్చా. పట్టీకి అర నిమిషం లోపే, పైగా నిన్నటి 72బీ కంటే ఇదే బాగా చదివింది, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కానీ ఒకటి భయపెట్టింది. ఒక పంపకాల కాగితంలో "య 2-35 సెంట్లు" (రెండెకరాల 35 సెంట్లు) అని ఉంది, నా కంటికి స్పష్టంగా కనిపిస్తోంది, అది "2-85" అని రాసింది. అర ఎకరం గాల్లోంచి వచ్చింది! ఇంకో దాంట్లో "ఫసలీ 1348" అని ఉంటే "1948" అని దిద్ది పెట్టింది, తప్పు రాశారనుకుంది కాబోలు. ఫసలీ అంటే పాత శిస్తు సంవత్సరం, దానికి 590 కలపాలి కదా, అది 1938-39 నాటిది. చదవలేని చోట ప్రశ్నార్థకం పెట్టమని తెలుగులో చెప్పా, ఇంగ్లీషులో చెప్పా, బతిమాలా. ఒక్కసారి కూడా పెట్టలేదు. తెలియని చోట చక్కటి తెలుగు వాక్యం అల్లేస్తుంది, "సదరు భూమికి తూర్పు సరిహద్దు కాలువ" అని, అక్కడ చూస్తే అసలు కాలువ అన్న మాటే లేదు. ఇదే కాగితం మా పెదనాన్న చేతిలో పడితే కాలువ తవ్వించేస్తాడు.

72బీ అయితే ఈ అల్లిక తగ్గుతుందా? రెండో కార్డు ఆశ ఇంకా చావలేదు.

---

డల్లాస్_బాబాయ్:

తగ్గదు బాబూ. మా దగ్గర ఆపిల్ మ్యాక్ స్టూడియో ఉంది, ఎం2 అల్ట్రా చిప్పు, 192 జీబీ మెమరీ. 72బీని ఎనిమిది బిట్లలో, 77 జీబీ, నడిపి చూశా. మెమరీ వేగం సెకనుకు 800 జీబీ కాబట్టి సెకనుకు పది దాటే ప్రశ్నే లేదు, ఏడెనిమిది వస్తాయి. కరెంటు, వేడి, చప్పుడు ఏమీ లేవు, ఆ సుఖం ఒప్పుకోవాలి. కానీ పెద్ద బొమ్మ ఇస్తే మొదటి అక్షరం రావడానికే టీ పెట్టుకుని రావచ్చు, బొమ్మ టోకెన్లన్నీ ముందు నమలాలి, అక్కడ ఎన్విడియా కార్డుదే పైచేయి.

మా నాన్నగారి ఉత్తరాలు చదివించా, ఇన్‌ల్యాండ్ లెటర్లు, 70ల నాటివి. ఆయన రాత గుండ్రంగా ఉంటుంది, అవి బాగానే వచ్చాయి. మా మేనత్త రాసినవి 7బీకీ రాలేదు, 72బీకీ రాలేదు. తేడా ఏంటంటే 7బీ తప్పుగా రాస్తే తప్పని కనిపిస్తుంది, 72బీ తప్పుగా రాస్తే నమ్మేలా రాస్తుంది. అత్తయ్య ఎన్నడూ రాయని శుభాకాంక్షలు చదివి నేను కాసేపు కళ్లు తుడుచుకున్నా కూడా.

నేను ఇప్పుడు చేసేది: ఒకే పట్టీని రెండు వేరు వేరు మోడళ్లకు ఇస్తా, క్వెన్ ఒకటి, జెమ్మా 12బీ ఒకటి, రెండూ ఒకటే రాసిన మాటలు ఉంచి, తేడా వచ్చిన మాటలు పసుపు రంగులో పెట్టి నేనే చూసుకుంటా. పట్టీలు చిన్నవి కాబట్టి జెమ్మా కూడా పూర్తి పేజీ కంటే నయంగానే చూస్తుంది. అంకెలు మాత్రం రెండూ కలిసినా నమ్మను. జెమ్మాకి ఇంకో లాభం, దాని టోకెన్ల పట్టిక పెద్దది, 2,62,000 దాకా, మన మాటలు క్వెన్ అంత చిన్న ముక్కలుగా నరకదు, అందుకే జవాబు త్వరగా అయిపోతుంది.

---

పాత_లేఖరి:

నేను మీ కంప్యూటర్ల మనిషిని కాను, మా అబ్బాయి ఈ పోస్టు చూపిస్తే రాస్తున్నాను, టైపు తప్పులు ఉంటే మన్నించండి. ముప్పై రెండేళ్లు దస్తావేజు లేఖరిగా చేశాను.

బాబూ, మీ తాతగారు కరణం అంటున్నారు. ఆ కాగితాల్లో చాలా భాగం గొలుసుకట్టు అయి ఉంటుంది. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి పోయే రాత, తలకట్లు ఉండవు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. మా రోజుల్లోనే కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు ఏడాది పట్టేది అలవాటు కావడానికి. మీ యంత్రం పుస్తకాల్లో అచ్చు అక్షరాలు చూసి నేర్చుకుని ఉంటుంది గానీ గొలుసుకట్టు ఎవరు చూపించి ఉంటారు దానికి? అందుకే అల్లుతోంది. చిన్న యంత్రం అయినా పెద్ద యంత్రం అయినా చూడని అక్షరం చూడనిదే.

అంకెల విషయం కూడా చెప్తాను. ఆ కాగితాల్లో ౩, ౫ లాంటి తెలుగు అంకెలు, ఇంగ్లీషు అంకెలు కలిపి రాసేవారు. పాత లెక్కల్లో కాలు (నాలుగో వంతు), వీసం (పదహారో వంతు) లాంటి భిన్నాలకు వేరే గుర్తులు ఉంటాయి, గీతల్లా కనిపిస్తాయి, వాటిని మీరు కూడా అంకెలనుకోకండి. 1957కి ముందువి రూపాయలు, అణాలు, పైసలు, రూపాయికి 16 అణాలు.

ఇంకో దారి ఉంది. వాటిలో రిజిస్టరు అయినవి ఏవో వేరు చేయండి. వెనక వైపు సబ్ రిజిస్ట్రారు ముద్ర, నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ నంబరుతో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. ఆఫీసులో ఒకటో పుస్తకంలో దాని నకలు ఉంటుంది, ఆ నకళ్లు రాసే గుమాస్తాలు అచ్చు గుద్దినట్టు రాసేవారు. రేపు పేచీ వస్తే పనికొచ్చేవి అసలు కాగితం, ఆ కాపీ, మీ యంత్రం రాసింది కాదు.

---

కరణంగారి_మనవడు:

లేఖరి గారూ, మీరు చెప్పాక ఒక్కొక్కటీ తిప్పి చూశా. 118 కాగితాల వెనక ముద్ర, నంబరు ఉన్నాయి. నా బుద్ధికి ఇన్నాళ్లు వెనక్కి తిప్పాలని తట్టలేదు, ముందు వైపే ఫోటోలు తీశా అన్నీ. ఇప్పుడు ఆ ముద్రల పట్టీలే 7బీకి ఇస్తే నంబరు, సంవత్సరం చక్కగా లాగుతోంది, అచ్చు అక్షరాలు కదా. వాటిని కంటితో సరిచూసి ఒక ఎక్సెల్ షీట్‌లో పెడుతున్నా, నిన్న రాత్రికి 70 అయ్యాయి.

గుండ్రటి రాతలో ఉన్న శిస్తు లెక్కలు బాబాయ్ చెప్పినట్టు రెండు మోడళ్ల పద్ధతిలో చేస్తా. మిగిలిన గొలుసుకట్టు కాగితాలు ఒక సంచిలో వేరుగా పెట్టా. లేఖరి గారూ, అభ్యంతరం లేకపోతే మీరు ఏ ఊళ్లో ఉంటారో మెసేజ్ పెట్టండి, కాగితాలతో నేనే వస్తా, మీరు చదువుతుంటే పక్కన కూర్చుని టైపు చేస్తా.

రెండో కార్డు కొనట్లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి స్కానర్ కొన్నా.

---

రెండుకార్డులోడు:

అయితే ఆ మైనింగ్ 3090 ఎవరు అమ్ముతున్నారో నాకు పంపు అన్నా. మూడోది పెడితే 72బీ పెద్ద ఫైలే పట్టేస్తుంది. మా ఆవిడకి ఈ పోస్టు చూపించకండి.